నాలుగో అధ్యాయంలో ఉచిత టీ

విశ్వవిద్యాలయం వెనక గేటు ఎదురుగా ఉన్న టైపు షాపు మా పిన్నిది. రోడ్డుమీంచి మూడు మెట్లు కిందికి దిగాలి. ఒక గోడ వారన రెండు కంప్యూటర్లు, ఇంకో గోడ వారన జెరాక్స్ మెషీను, మూలన బాబాయి బైండింగు బల్ల, దానిమీద జిగురు డబ్బా, దబ్బనం, దారపు ఉండ. ఉన్నది ఒక్క కిటికీ. అందులోంచి చూస్తే దారిన పోయేవాళ్ళ కాళ్ళు తప్ప ఇంకేమీ కనిపించవు. పిన్నికి ఆ కాళ్ళు చాలు. "అదుగో, చెప్పులు ఈడ్చుకుంటూ వస్తున్నాడు చూడు, వీడికి రేపే గడువు" అనేది. అన్నట్టే ఆ చెప్పులు మూడు మెట్లూ దిగి, "పిన్నిగారూ, రేపటికి కావాలండీ" అని గొణిగేవి.

పిన్ని చదివింది పదో తరగతి. టైపు చేసింది నాలుగువందల పైచిలుకు పరిశోధన గ్రంథాలు. చేపలకొచ్చే జబ్బులు, వంతెనల బరువు, పాత రాజుల పన్నులు, పసిపిల్లల నిద్ర, అన్నీ ఆవిడ వేళ్ళమీదుగానే పట్టాలు పుచ్చుకున్నాయి. పోతూ పోతూ కొంత ఆవిడ తలలో దిగబడిపోయేది. చుట్టుపక్కల ఎవరికి ఏ సందేహం వచ్చినా పిన్ని దగ్గర జవాబు సిద్ధం. "నేనే టైపు చేశాను, పుస్తకంలో ఉంది" అందంటే ఇక అప్పీలు లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం అని బాబాయి అనేవాడు, అదీ ఆవిడ లేనప్పుడు.

పరిశోధకులంటే పిన్నికి చీపురుపుల్లపాటి గౌరవం కూడా లేదు. లేకపోవడానికి కారణముంది. ఒకసారి ఒక గ్రంథంలో డెబ్భై రెండో పేజీ తర్వాత మళ్ళీ డెబ్భై రెండో పేజీయే పడింది, అక్షరం తేడా లేకుండా. పొరపాటు తెలిసి ఆవిడ భయపడుతూ కూర్చుంటే దానికి బంగారు పతకం వచ్చింది. ఆ రోజునుంచి పిన్ని ఒక అలవాటు చేసుకుంది. ఏ గ్రంథమైనా సరే, నాలుగో అధ్యాయం నడిమధ్యలో తన సొంత వాక్యం ఒకటి దూర్చేది: 'ఇంతవరకు చదివినవారు వెనక గేటు టైపు షాపుకు వస్తే టీ ఉచితం.' రాసినవాడు చదవలేదు. రాయించిన గైడు చదవలేదు. పరీక్షకులు ముగ్గురు చదవలేదు. షాపులో స్టవ్ మీద గిన్నె ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. పన్నెండేళ్ళలో ఒక్క జత చెప్పులు కూడా టీ కోసం మెట్లు దిగలేదు. అది తలుచుకుని పిన్ని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

అమ్మ పోయాక నేను పిన్ని ఇంట్లోనే ఉంటున్నాను. నాన్న లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డుమీదే ఉంటాడు. విశ్వవిద్యాలయంలో నేను చదివేది సూక్ష్మజీవుల శాస్త్రం. మధ్యాహ్నాలు షాపులో కూర్చుంటాను. మా అమ్మ గర్భసంచి ముఖద్వారానికి వచ్చిన క్యాన్సర్‌తో పోయింది, రాబోయే వేసవికి మూడేళ్ళు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథంతా అక్కణ్ణుంచే నడుస్తుంది.

అమ్మ లాండ్రీలో ఇస్త్రీ చేసేది. ఆస్పత్రి దుప్పట్లు, పరదాలు, డాక్టర్ల తెల్లకోట్లు. ఎనిమిదేళ్ళ కిందట ఒక సాయంత్రం షాపుకొచ్చి, ఆ మూడో మెట్టుమీద కూర్చుని అడిగింది. నేను పక్కనే లెక్కలు చేసుకుంటున్నాను, ప్రతి మాటా గుర్తుంది.

"ఏమే, ఎల్లుండి మా లాండ్రీకి డాక్టర్ల వ్యాను వస్తోందట. ఆడవాళ్ళందరికీ ఏదో పరీక్షట. నాకేం బాధ లేదు కదా, అయినా వెళ్ళాలా?"

పిన్ని కీబోర్డు మీంచి తల ఎత్తకుండానే చెప్పింది. "బాధ లేకపోతే ఎందుకక్కా? అది లక్షణాలున్నవాళ్ళకే. నేనే టైపు చేశాను, పుస్తకంలో ఉంది."

అమ్మకి చదువు రాదు. చెల్లెలి మాట ఆవిడకి అచ్చులో ఉన్న మాటతో సమానం. వ్యాను వచ్చిన రోజు మిగతా ఆడవాళ్ళు వరసలో నిలబడితే వాళ్ళ వంతు బట్టలు కూడా అమ్మే ఇస్త్రీ చేసింది. నాలుగేళ్ళ తర్వాత బాధ రానే వచ్చింది. ఆస్పత్రిలో పెద్ద డాక్టరమ్మ కాగితాలు తిరగేస్తూ, "ఆ వ్యాను వచ్చినప్పుడు చూపించుకుని ఉంటే ఇది క్యాన్సర్ కాకముందే దొరికేదమ్మా, చిన్న పనితో పోయేది" అంది. బాధ లేనప్పుడు చెయ్యడానికే ఆ పరీక్ష పుట్టిందట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం పేరు పరీక్ష కాదట. పిన్ని ఆ గదిలో గోడకి ఆనుకుని అంతా విన్నది.

ఆ రోజునుంచి పిన్ని కోపమంతా ఒక మనిషి మీద పడింది. ఆయన్ని అందరూ శాతాల సారు అంటారు. పదకొండేళ్ళ కిందట 'విశ్వవిద్యాలయ విద్యార్థులలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణపై అవగాహన' అని గ్రంథం రాసి పట్టా పుచ్చుకున్నాడు. ఇప్పుడు శాఖాధిపతి. నోరు విప్పితే దశాంశ బిందువు పడాల్సిందే. ఆయన ప్రశ్నపత్రంలో పదిహేడో ప్రశ్న ఇది: ఈ పరీక్ష ఎవరు చేయించుకోవాలి? ఒకటి, లక్షణాలు ఉన్నవారు మాత్రమే. రెండు, ఏ లక్షణమూ లేకపోయినా తగిన వయసు వచ్చిన ప్రతి స్త్రీ. మూడు, పిల్లలు లేనివారు. నాలుగు, తెలియదు. నాలుగో అధ్యాయంలో అచ్చయిన జవాబుల పట్టికలో పదిహేడుకి ఎదురుగా ఉన్నది ఒకటి. పిన్ని అమ్మకి చెప్పింది ఆ ఒకటే.

"వాడి చేతులు పడిపోను," అనేది పిన్ని. "తెలియనివాడు తెలియదని ఊరుకోవచ్చుగా. నా అక్కని పొట్టన పెట్టుకున్నాడు."

ఆయన తర్వాత నలుగురు అదే ప్రశ్నపత్రంతో పట్టాలు పొందారు. ఊరికే కాదు, ఊరు మార్చి, కాలేజీ మార్చి, ఏడాది మార్చి. ప్రశ్నలూ జవాబులూ మాత్రం మార్చలేదు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్న సామెత ఉందే, వీళ్ళు కట్టెయ్యడంతో ఆగలేదు, ఆ దూడ బరువు ఎంతశాతం పెరిగిందో కూడా లెక్క తేల్చారు.

ఈ ఏడాది అది మా తరగతికే వచ్చింది. తెచ్చినావిడ పరిశోధకురాలు, ఇరవై ఏడెనిమిదేళ్ళుంటాయి, చేతిలో కట్ట, భుజాన సంచీ. "ఖాళీలు మాత్రం వదలకండి ప్లీజ్, నా అంకెల టేబుల్ పాడైపోతుంది" అని బతిమాలింది. ప్రాణం తీసే జబ్బు గురించి అడగడానికి వచ్చి టేబుల్ గురించి దిగులు. కాగితాలు పంచారో లేదో, అందరి తలలూ ముందు బెంచీలో మొదటి ర్యాంకు పిల్ల కాగితం వైపు వాలాయి. అవగాహన కూడా కాపీ కొట్టొచ్చని నాకు ఆ రోజే తెలిసింది. మా వెనక బెంచీవాడు మొదటి ప్రశ్న చదివి, "ఇది ఆడాళ్ళ గొడవరా" అని అన్నిటికీ 'తెలియదు' టిక్కు పెట్టి కాగితం ఇచ్చేశాడు. తరగతి మొత్తంలో నిజం రాసినవాడు వాడొక్కడే.

ఈ జబ్బు రాకుండా వేసే టీకా గురించిన ప్రశ్న దగ్గర నా పక్కమ్మాయి గొంతు తగ్గించింది. "ఇది వేయించుకుంటే మనమేదో అలాంటివాళ్ళమనుకుంటారేమో కదే?"

"ఎలాంటివాళ్ళం?"

"అదే... అలాంటివాళ్ళం."

పొద్దున్నే ఇదే పిల్ల లైంగికంగా అంటుకుని ఈ జబ్బు తెచ్చే వైరస్ బొమ్మ నల్లబల్లమీద గీసి, భాగాలు గుర్తించి, పదికి పది తెచ్చుకుంది. ఆ బొమ్మకీ తన ఒంటికీ సంబంధముందని ఎవరూ మార్కులివ్వలేదు కాబట్టి దానికి తెలియలేదు. ఏం చెప్పమంటారు వీళ్ళకి? పదిహేడో ప్రశ్న దగ్గర నేను రెండుకి టిక్కు పెట్టాను. పెన్ను ఎంత గట్టిగా నొక్కానంటే కాగితం చిరిగింది.

నాలుగు రోజులకి ఆ కట్టలన్నీ పిన్ని షాపుకే చేరాయి, కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి. పరిశోధకురాలు జవాబుల పట్టిక బల్లమీద పెట్టి వెళ్ళింది. పిన్ని జవాబు చదువుతుంటే నేను మార్కు కొడుతున్నాను. లక్షణాలున్నవాళ్ళు మాత్రమే అన్నవాళ్ళకి ఒక మార్కు, మిగతావాళ్ళకి సున్నా. మధ్యలో చిరుగున్న కాగితం వచ్చింది. నాదే. పదిహేడుకి సున్నా. మా అమ్మని ఆస్పత్రి మంచం మీద పద్నాలుగు నెలలు చూసుకుని నేర్చుకున్న జవాబుకి సున్నా. ముందు బెంచీ చూసి కాపీ కొట్టిన నలభై మందికీ మార్కు.

"పిన్నీ, నేను అవగాహన లేనిదాన్నట" అన్నాను. నవ్వుదామనుకున్నాను కానీ రాలేదు.

సాయంత్రం పరిశోధకురాలు రాగానే పిన్ని పట్టుకుంది. "ఈ పదిహేడో జవాబు తప్పు తల్లీ."

"తప్పెలా అవుతుందండీ? పదకొండేళ్ళుగా వాడుతున్నారు. ఐదుగురు వాడారు."

"ఐదుగురూ చదివారా?"

"నిరూపితమైన సాధనమండీ అది. పైగా సారుది. నేను మారిస్తే పాతవాటితో పోల్చడానికి కుదరదు." ఆ పిల్ల సంచీ సర్దుకుంటూ ఇంకో మాట చెప్పింది. "ఈ జవాబులతోనే కరపత్రం కూడా వేస్తున్నారు, అవగాహన వారానికి. హాస్టళ్ళన్నిట్లో పంచుతారు, నాలుగు వేలు. కంపోజింగు మీకే ఇస్తారులెండి."

నాలుగు వేల మంది అమ్మాయిలు. వాళ్ళందరికీ ఇళ్ళల్లో అమ్మలుంటారు, అత్తలుంటారు, అక్కలుంటారు. చదువుకున్న పిల్ల తెచ్చిన కాగితం అని ఆ అమ్మలు నమ్ముతారు. పిన్ని మొహం ఎర్రబడింది. "రేపు చూడు," అంది నాతో. "సారు చేతిరాత ప్రతి నా దగ్గరుంది. పదకొండేళ్ళ కిందటిది. అది పట్టుకెళ్ళి ఆయన బల్లమీద పెడతాను. రాసింది నువ్వేనా కాదా అని అడుగుతాను. ఎలా వేస్తాడో చూస్తా ఆ కరపత్రం."

పిన్ని దేన్నీ పారెయ్యదు. టైపు చేసిన ప్రతి చేతిరాతా ఏడాదివారీగా అట్టపెట్టెల్లో అటకమీద ఉంటుంది. మర్నాడు పొద్దున్నే స్టూలెక్కి ఆ పెట్టె దింపింది. దుమ్ము దులిపి, తాడు విప్పి, యుద్ధానికి వెళ్ళేదానిలా గొంతు సవరించుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. "పద్నాలుగు, మూడు. పదిహేను, ఒకటి. పదహారు, నాలుగు. పదిహేడు..."

ఆగిపోయింది.

"ఏంటి పిన్నీ?"

కాగితం నా చేతికిచ్చింది. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు. పదిహేడు, రెండు. పద్దెనిమిది, ఒకటి. సారు సరిగ్గానే రాశాడు. నేను లేచి గ్రంథం నకలు తీసి నాలుగో అధ్యాయం తెరిచాను. పట్టికలో పదిహేడుకి ఒకటి, పద్దెనిమిదికి కూడా ఒకటి. టైపు చేస్తున్నప్పుడు కన్ను ఒక వరుస కిందికి జారింది, అంతే. ఎందుకు జారిందో కూడా అక్కడే ఉంది. పదహారో వరుసతో ఒక పేజీ అయిపోయింది, తర్వాతి పేజీలో పదిహేడుకి సరిగ్గా పైన, సారు చేతిరాతలో లేని ఒక వాక్యం అచ్చయి ఉంది: 'ఇంతవరకు చదివినవారు వెనక గేటు టైపు షాపుకు వస్తే టీ ఉచితం.' ఆ వాక్యం దూర్చడానికి ఆగి, ఒక నవ్వు నవ్వుకుని, మళ్ళీ కాగితం వైపు చూసినప్పుడు జారి ఉంటుంది.

బాబాయి దబ్బనం పక్కన పెట్టి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. పిన్ని స్టూలుమీదే ఉండిపోయింది.

"నువ్వే," అన్నాను నేను. "నువ్వేనా?"

తొమ్మిది రోజులు పిన్నితో మాట్లాడలేదు. ఒకే ఇల్లు, ఒకే వంటగది. "మీ పిన్ని అన్నం తినమంటోందమ్మా" అని బాబాయి వచ్చేవాడు. "తిన్నానని చెప్పు బాబాయ్" అనేదాన్ని. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, అన్నీ విన్న మనిషికే మళ్ళీ చెప్పేవాడు, "తిందట." నాకు పిన్నిమీద వచ్చిన కోపం కోపం కాదు, అసహ్యం. పన్నెండేళ్ళు ఊళ్ళోవాళ్ళందరి చదువునీ ఎగతాళి చేసింది. తన కన్ను జారిన వరుస తనే పుస్తకంలో చదివి, అదే జ్ఞానమనుకుని, తోడబుట్టిన అక్కకి చెప్పింది. తన పొరపాటే అచ్చయి తిరిగొస్తే వేదమనుకుంది.

కానీ అసహ్యం ఒక్కరి దగ్గరే ఆగనివ్వలేదు నన్ను. ప్రూఫు చూడాల్సిన సారు చూడలేదు. 'క్షుణ్ణంగా పరిశీలించితిని' అని గైడు సంతకం పెట్టాడు. ముగ్గురు పరీక్షకులు 'ప్రశంసనీయం' అని రాశారు. నలుగురు వారసులు నకలు కొట్టారు. వీళ్ళలో ఒక్కడు, ఒకే ఒక్కడు నాలుగో అధ్యాయం చదివి, ఉచిత టీ అన్నారు కదా అని వెకిలిగానైనా ఆ మెట్లు దిగి ఉంటే, ఆ కిందే ఉన్న తప్పు కూడా బయటపడేది. మా అమ్మ వ్యాను దగ్గర వరసలో నిలబడేది. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇందులో నా పిడికెడూ ఉంది. టీ జోకుకి నేనూ పడీపడీ నవ్వాను.

పదో రోజు కరపత్రం మేటరు వచ్చింది. పైన శాతాల సారు ఫొటో, మధ్యలో నవ్వుతున్న అమ్మాయి బొమ్మ, కింద పెద్ద అక్షరాలతో: లక్షణాలు కనిపించిన వెంటనే పరీక్ష చేయించుకోండి, లక్షణాలు లేనివారు ఆందోళన చెందవలసిన పనిలేదు. పిన్ని దాన్ని మడిచి సంచీలో పెట్టుకుంది. సారు చేతిరాత కాగితం కూడా పెట్టుకుంది. ఇస్త్రీ చీర కట్టుకుని, బాబాయి వైపు చూస్తూ, నాకు వినబడేలా చెప్పింది. "సారు దగ్గరికి వెళ్తున్నా. తప్పు నాదని చెప్పడానికి."

నేను చెప్పులు వేసుకుని వెనకాలే నడిచాను.

శాతాల సారు గదిలో అద్దాల బీరువా ఉంది, తాళం వేసి. లోపల వరసగా గ్రంథాలు, వెన్నుమీద బంగారు అక్షరాలు, అన్నీ బాబాయి కుట్టినవే. కుట్టిన దారం బిగువు కూడా సడలలేదు, తెరిస్తే కదా. పిన్ని నిలబడే అంతా చెప్పింది. ఎక్కడా నసగలేదు. వరుస ఎలా జారిందో, టీ వాక్యం సంగతి, అన్నీ. సారు చేతిరాత కాగితం చేతిలోకి తీసుకుని పొంగిపోయాడు.

"చూశారా! నేను సరిగ్గానే రాశానన్నమాట!"

"మీరు సరిగ్గానే రాశారండీ. నేను తప్పు కొట్టాను. మీరు చూడకుండా సంతకం పెట్టారు."

ఆ రెండో ముక్క తలకెక్కడానికి ఆయనకి కొంచెంసేపు పట్టింది. ఎక్కాక కాగితం బోర్లా పెట్టాడు. "అంటే, ఐదు గ్రంథాలు... ఐదు పట్టాలు... ఈ పరీక్షమీద అరవై ఎనిమిది పాయింటు నాలుగు శాతం అవగాహన అని నేను మూడు సభల్లో చెప్పానమ్మా. సరైన జవాబుతో లెక్కేస్తే ఎంతొస్తుంది?"

గ్రంథంలో పదిహేడో ప్రశ్నకి రెండు అన్నవాళ్ళని నేను లెక్క వేసే వెళ్ళాను. "పద్నాలుగండీ."

"పద్నాలుగు!" ఆయనకి నిజంగానే చెమట పట్టింది. అది పద్నాలుగు శాతం మందికే తెలుసన్నందుకు కాదు, ఆ అంకె తన పేరు పక్కన పడుతుందన్నందుకు. "ఇది మన మధ్యే ఉండనివ్వండి. మీకూ మంచిది కాదు, షాపు నడవాలి కదా."

"షాపు సంగతి నేను చూసుకుంటాను. కరపత్రం మార్చండి."

"ఎలా మారుస్తామమ్మా? కమిటీ ఆమోదించింది. మార్చాలంటే మళ్ళీ కమిటీ కూర్చోవాలి. కమిటీ కూర్చునేలోపు అవగాహన వారం అయిపోతుంది."

"మా అక్క ఇది నమ్మే పోయింది సారూ."

ఆయన కాసేపు బల్ల అద్దం కింద ఉన్న తన ఫొటోల వైపు చూశాడు. "అయ్యో పాపం," అన్నాడు. తర్వాత గడియారం చూశాడు.

బయటికొచ్చాక మెట్లమీద పిన్ని ఆగింది. పది రోజుల్లో మొదటిసారి నేనే మాట్లాడాను. "కంపోజింగు నీ దగ్గరే కదా పిన్నీ."

"ప్రూఫు ఆయన దగ్గరికే పోవాలిగా. ఇప్పుడు ఆ లైను మీదే కన్నుంటుంది ఆయనకి."

"చదువుతాడంటావా?"

పిన్ని నా వైపు చూసింది. పన్నెండేళ్ళ అనుభవం ఆవిడది.

ఆ మధ్యాహ్నమే షాపులో ఆ లైను కొట్టేసి కొత్తది టైపు చేసింది: 'ముప్ఫై దాటిన ప్రతి స్త్రీ, ఏ బాధా లేకపోయినా, ఈ పరీక్ష చేయించుకోవాలి. బాధ మొదలయ్యేదాకా ఆగకూడదు. ఆడపిల్లలకు చిన్న వయసులోనే టీకా వేయించాలి. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.' నేను మూడుసార్లు పైకి చదివాను. బాబాయి రెండుసార్లు చదివాడు. టీ వాక్యం ఎక్కడా లేదు. ప్రూఫు సారుకి పంపాం. గంటలో తిరిగొచ్చింది. కింద సంతకం ఉంది. పక్కన ఎర్రసిరాతో ఒకటే దిద్దుబాటు: నా ఫొటో కొంచెం పెద్దది చేయగలరు.

నాలుగు వేలు అచ్చయ్యాయి. వాటికి పట్టిన గతి కూడా చెప్పాలి. అవగాహన వారంలో మొదటిరోజు ఉపన్యాసాల్లో విసనకర్రలుగా ఊపారు. క్యాంటీన్లో ఊగే బల్ల కాలు కింద మడిచి పెట్టారు. నా పక్కమ్మాయి దాని వెనక ప్రాక్టికల్ లెక్కలు రాసుకుంది. సారు మాత్రం వేదికమీద దాన్ని ఎత్తి పట్టుకుని అరవై ఎనిమిది పాయింటు నాలుగు అన్నాడు, చప్పట్లు కొట్టించుకున్నాడు. తన చేతిలో ఉన్న కాగితం తనని కాదంటోందని ఆయనకి ఈ రోజుకీ తెలియదు.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున, కిటికీలో రెండు జతల కాళ్ళు ఆగాయి. పిన్ని చూసింది. "ముందువి ఆ పరిశోధన పిల్లవి. వెనకవి పెద్దావిడవి. రావడం ఇష్టంలేదు, అడుగు పడటంలేదు చూడు."

పరిశోధకురాలు మెట్లు దిగింది. సంచీ లేదు, కట్ట లేదు. "లైబ్రరీకి వెళ్ళానండీ," అంది. "కరపత్రంలో జవాబు వేరే ఉంది, నా టేబుల్లో వేరే ఉంది. ఏది నిజమో అని వైద్య పుస్తకాలు చూస్తే కరపత్రమే నిజం. తప్పెక్కడిదా అని సారు గ్రంథం తీశాను. నాలుగో అధ్యాయం చదివాను." ఆగి, సిగ్గుపడుతూ పూర్తి చేసింది. "టీ ఉచితమని ఉంది. ఇంకా ఇస్తున్నారా అండీ? మా అమ్మని కూడా తీసుకొచ్చాను."

పిన్ని కుర్చీలోంచి లేవడానికి కొంచెం ఆలస్యమైంది. స్టవ్ వెలిగించింది. గిన్నెలో నీళ్ళు పోస్తుంటే సగం బల్లమీద పడ్డాయి. బాబాయి బైండింగు గుడ్డతోనే తుడిచాడు.

ఆ తల్లి మూడో మెట్టుమీదే కూర్చుంది, లోపలికి రానంది. "దీని పోరు పడలేకపోతున్నానమ్మా. ఆ కాగితం తెచ్చి నా మొహాన పెట్టి ఒకటే గోల. ఇన్ని పుస్తకాలు మీ చేతిమీదుగా పోతాయట కదా, మీరు చెప్పండి. నాకేం బాధ లేదు కదా, అయినా వెళ్ళాలా?"

అదే మెట్టు. అవే మాటలు. నేను పిన్ని వైపు చూడలేకపోయాను.

"వెళ్ళాలి," అంది పిన్ని. "ఇదే మాట ఒకావిడ అడిగితే అప్పుడు వద్దన్నాను. ఆవిడ నా అక్క." స్టవ్ తగ్గించి మళ్ళీ అంది, "నేనూ ఇంతవరకు వెళ్ళలేదమ్మా. అక్క పోయాక కూడా వెళ్ళలేదు. భయం. టీ తాగండి, ఇద్దరం కలిసే వెళ్దాం."

ఐదు గ్లాసుల్లో టీ పోసింది. అందరం తాగాం. బాబాయి షాపు తలుపు మూయడానికి లేచాడు. పగలు పదకొండింటికి ఆ షాపు మూతపడటం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. మెట్లెక్కుతూ పిన్ని నా చెయ్యి పట్టుకుంది. పట్టుకోనిచ్చాను.